నలభై తీసి నలభై

పంజగుట్టలో మేము పనిచేసే చీరల షాపులో పద్నాలుగు మందికి పద్నాలుగు క్యాలిక్యులేటర్లు ఇచ్చారు. శాంతిరాజు అన్న తన దాన్ని ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా అలమారాలో పెట్టేశాడు. ఇరవై ఏడేళ్లుగా ఆ షాపులో చీరలు పరిచి, మడిచిన మనిషి. చీర మీద ధర చూస్తే చాలు, తగ్గింపు పోగా ఎంతో చెప్పేవాడు. నేను బిల్లింగ్ కౌంటర్లో కూర్చునేవాణ్ని. నా కంప్యూటర్ అంకె చూపించేలోపే ఆయన నోట్లోంచి అదే అంకె వచ్చేది. నాలుగేళ్లలో ఒక్కసారి కూడా తేడా రాలేదు.

ఆషాఢం వస్తే మా షాపు అద్దాల మీద ఎర్ర రంగుతో ‘50% + 20%’ అని రాయిస్తారు. ఓసారి ఒకావిడ నాలుగు వేల చీర పట్టుకుని, పన్నెండు వందలు లెక్కపెట్టి నా ముందు పెట్టింది.

“యాభై, ఇరవై, డెబ్బై గదా?” అంది.

శాంతిరాజు అన్న పక్కనే ఉన్నాడు. “గట్ల కాదమ్మా. ముందు సగం పోతది, రెండు వేలు. మిగిలిన రెండు వేలల్ల ఇరవై శాతం, నాలుగు వందలు. నువ్వు కట్టాల్సింది పదహారు వందలు. నీకు తగ్గింది అరవయ్యే, డెబ్బై కాదు.”

“మరి గట్లెందుకు రాసిండ్రు?”

“మీరు కూడుకుంటరని.”

పక్క కౌంటర్ రవళి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. “అన్నా, నువ్వు చేస్తున్నది సేల్స్‌మ్యాన్ నౌకరీనా, వకీల్ నౌకరీనా?” అంది.

ఆవిడ పదహారు వందలూ ఇచ్చి చీర తీసుకుపోయింది. మరుసటి వారం చెల్లెల్ని తీసుకొచ్చి, ‘గా లెక్క చెప్పే అన్న ఏడున్నడు’ అని అడిగింది. అందుకే యజమాని ఆయన్ని ఏమీ అనేవాడు కాదు. నిజం చెప్పే మనిషి కూడా దుకాణంలో ఒక సరుకే. దాన్ని ముందు వరుసలో పెట్టి, వెనక వరుస అమ్ముకోవచ్చు.

ఆయన లెక్కకు ఒకటే కిటుకు. అన్నిటికీ ముందు పదో వంతు తీస్తాడు. పద్దెనిమిది వందల నలభై రూపాయల చీర మీద ముప్పై ఐదు శాతమంటే, పదో వంతు నూట ఎనభై నాలుగు. అలాంటివి మూడు, పైన ఒక సగం. ఆరు వందల నలభై నాలుగు పోయింది. ఈ విద్య ఆయనకు బడిలో రాలేదు. వాళ్లమ్మ అమీర్‌పేటలో నాలుగిళ్లలో అంట్లు తోమేది. నెల మొదట్లో వచ్చిన డబ్బు నేల మీద పది కుప్పలుగా పోయించేది. అందులో ఒక కుప్పను బియ్యానికీ కిరాయికీ ముందే పక్కకు జరిపేది. అది చర్చికి. ఆ కుప్పలు పోసేది ఎనిమిదేళ్ల శాంతిరాజే. అమ్మ పోయాక కూడా ఆ పదో కుప్ప ఆయన చేతుల్లోనే ఉండిపోయింది.

మా షాపులో జీతాలు ఇప్పటికీ కవర్లోనే ఇస్తారు. జీతాల రోజు సాయంత్రం ఆయన నా కౌంటర్ దగ్గరికి వచ్చేవాడు.

“తమ్ముడూ, కొత్త నోట్లియ్యి. ఐదు ఐదు వందలు, ఒక వంద.”

ఆయన జీతం ఇరవై ఆరు వేలు. పదో వంతు రెండు వేల ఆరు వందలు. మడత లేని నోట్లు వెతికి ఇస్తే, చర్చివాళ్ల తెల్ల కవర్లో పెట్టి, పైన పేరు రాసి, దాని కింద 2,600 అని గుండ్రంగా రాసేవాడు. నాకు దేవుడి మీద నమ్మకం లేదు. అయినా ఆ నోట్లు వెతకడం నా పనుల్లో ఒకటైపోయింది.

లాక్‌డౌన్ తర్వాత షాపు తెరిచిన రోజున యజమాని వీర్రాజు గారు అందరి జీతాల్లోనూ నలభై శాతం కోసేశారు. పరిస్థితులు బాగుపడగానే తిరిగి ఇస్తానన్నారు. శాంతిరాజు అన్న ఇరవై ఆరు వేలు పదిహేను వేల ఆరు వందలయ్యాయి. నా పది వేలు ఆరు వేలయ్యాయి. ఆ నెల కూడా ఆయన కౌంటర్ దగ్గరికి వచ్చి, ఐదు ఐదు వందలు, ఒక వంద అడిగాడు.

“అన్నా, ఇప్పుడు పదో వంతంటే పదిహేను వందల అరవై గదా?”

“నా జీతం ఇరవై ఆరు వేలు, తమ్ముడూ. షాపోళ్లు ఇయ్యలేకపోతున్నరు, గంతే. కోత వాళ్లు నాకు పెట్టిండ్రు. నేను దేవునికి పెట్టలే.”

నాకు ఒళ్లు మండింది. పదో వంతు ఇస్తున్నాననుకుంటూ ఆ మనిషి రెండేళ్లపాటు ఆరో వంతు ఇచ్చాడు. అది తెలియనివాడా అంటే, ఆ షాపులో ఆయనకంటే బాగా తెలిసినవాడు లేడు. నాకు అర్థమైంది చాలా ఆలస్యంగా: కవరు మీద 2,600 అని రాసినన్నాళ్లూ ఆయన జీతం ఇరవై ఆరు వేలే. మిగతాదంతా మధ్యలో వచ్చి పోయే జ్వరం.

జ్వరం మాత్రం ఇంటిని మింగింది. అమీర్‌పేటలో రత్నమాల గారి ఇంట్లో కింది వాటా, రెండు గదులు, తొమ్మిది వేల కిరాయి. ముందు గది తలుపు సందులోకి తెరుచుకుంటుంది. అక్కడ ఆయన భార్య మగ్దలీనమ్మ కుట్టుమిషన్ ఉండేది. అన్న షాపులో అమ్మిన చీరలే సాయంత్రానికి ఫాల్, పీకో కోసం ఆమె దగ్గరికి వచ్చేవి. కోత పడ్డ నాలుగో నెలలో ఆ వాటా ఖాళీ చేసి, బోరబండలో మూడో అంతస్తులో ఒక గదికి వెళ్లిపోయారు. ఐదున్నర వేలు. లిఫ్టు లేదు. మగ్దలీనమ్మకు రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. ఆదివారం చర్చికి తప్ప కిందికి దిగడం మానేసింది. ఫాల్ కోసం మూడంతస్తులు ఎక్కేవాళ్లు ఎవరూ లేరు. కూతురు షెర్లిన్ బేగంపేటలో డిగ్రీ చదువుతోంది. ఆ అమ్మాయి రాత్రిపూట మిషన్ మీదే పుస్తకాలు పెట్టుకుని చదువుకునేది.

ఆయన రెండేళ్లు ఒకే మాట అనుకుంటూ బతికాడు: పాత జీతం రాగానే పాత ఇంటికి.

రెండేళ్ల తర్వాత జూన్ చివర్లో, వీర్రాజు గారు ఆషాఢం సేల్‌కు స్టిక్కర్లు వేయించడానికి మా ఇద్దరినీ పిలిచారు. ఆయన తణుకు నుంచి వచ్చి పంజగుట్టలో షాపు పెట్టిన మనిషి. మాట మెత్తన, చెయ్యి గట్టి.

“ఈసారి ప్లస్సులూ మైనస్సులూ వద్దయ్యా, ఫ్లాట్ నలభై పెడదాం. తగ్గించాక మన పాత రేటే రావాలి. ఎంత పెంచాలి?”

శాంతిరాజు అన్న గాల్లోకి చూశాడు. “వందల నలభై తీస్తే అరవై, సార్. అరవై మళ్ల వంద కావాలంటే నలభై కలపాలె. అరవైల నలభై అంటే మూడింట రెండు వంతులు. వందకు అరవై ఆరు రూపాయల అరవై ఏడు పైసలు పెంచాలె.”

“నలభై పెంచి నలభై తీస్తే?”

“రెండు వేల నాలుగు వందల చీర రెండు వేల పదహారుకు పోతది. మూడు వందల ఎనభై నాలుగు లాసు.”

“చూశావా! మునిగిపోయేవాళ్లం,” అని వీర్రాజు గారు ఆయన భుజం తట్టారు. “అందుకేనయ్యా నిన్ను వదలంది.”

రెండు వేల నాలుగు వందల చీర నాలుగు వేలైంది. నేను స్టిక్కర్లు అచ్చు వేశాను. పైన నాలుగు వేలు, దాని మీద అడ్డంగా ఒక గీత, పక్కన రెండు వేల నాలుగు వందలు. శాంతిరాజు అన్న మూడు రోజులు కూర్చుని అతికించాడు.

జులై ఒకటి నుంచి పాత జీతాలు వస్తాయని షాపులో అప్పటికే అనుకుంటున్నారు. అతికిస్తూనే చెప్పాడు, రత్నమాల గారి కింది వాటా ఖాళీ అయిందని. మధ్యాహ్నం అన్నాల టైములో నన్ను వెంటబెట్టుకుని అమీర్‌పేట నడిచాడు. రత్నమాల గారు గుమ్మంలోనే నిలబడి మాట్లాడారు.

“మీకివ్వడానికి నాకేం అభ్యంతరం లేదండీ శాంతిరాజు గారూ. ఏటా ఐదు శాతం పెంచుతానని మీకు తెలుసుగా. రెండేళ్లయింది, పదివేలు ఇవ్వండి.”

“తొమ్మిది వేల మీద ఐదు శాతం, నాలుగు వందల యాభై. దాని మీద మళ్ల ఐదు. తొమ్మిది వేల తొమ్మిది వందల ఇరవై రెండున్నర అవుతది, అమ్మా.”

ఆవిడ నవ్వింది. “ఆ డెబ్బై ఏడున్నర కూడా వదలరా! సరే, మీ లెక్కే కానివ్వండి. ఒకటో తారీఖు దాకా ఆగుతాను. ఆ పైన ఏంటంటే, కోచింగ్ పిల్లలు ముగ్గురు అడుగుతున్నారు.”

ఆయన లోపలికి వెళ్లి ముందు గదిలో నిలబడ్డాడు. మిషన్ ఉండే చోట నేల మీద నాలుగు కాళ్ల గుర్తులు అలాగే ఉన్నాయి. చెప్పు విడిచి, ఒక గుర్తు మీద బొటనవేలు పెట్టి చూశాడు. తిరిగొస్తూ దారి పొడుగునా లెక్కలు చెప్పాడు. ఇరవై ఆరు వేలల్ల గింత కిరాయి, గింత షెర్లిన్‌కు, గింత చర్చికి. “వదినకు మిషన్ పని కూడా మెల్లగా వస్తుందిలే అన్నా,” అన్నాను. “పని మెల్లగనే వస్తది తమ్ముడూ. కిరాయి ఒకటో తారీఖునే వస్తది,” అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆ రెండేళ్లలో ఆయన నవ్వడం నేను చూసింది ఆ రోజే.

జులై ఒకటిన, షట్టర్ ఎత్తకముందే, వీర్రాజు గారు అందరినీ కింద ఫ్లోర్‌లో నిలబెట్టారు. దేవుడి పటాలకు అగరొత్తులు వెలిగించి, మా వైపు తిరిగారు.

“కష్టకాలంలో మీ జీతాల్లో నలభై శాతం తీశాను. ఆడిన మాట తప్పే మనిషిని కాను. ఈ నెల నుంచి అందరికీ నలభై శాతం పెంచుతున్నాను. నలభై తీశాను, నలభై ఇచ్చాను. చెల్లుకు చెల్లు.”

అందరం చప్పట్లు కొట్టాం. పొద్దున్నుంచి రాత్రి దాకా శాతాలు అమ్ముకుని బతికే పద్నాలుగు మందిమి, మా శాతం దగ్గరికి వచ్చేసరికి లెక్క చూసుకోకుండా చప్పట్లు కొట్టాం. షాపు ఊడ్చే లచ్చమ్మ లడ్డూల డబ్బా తిప్పుతోంది. నా నోట్లో లడ్డూ ఉంది. శాంతిరాజు అన్న పెదవులు కదులుతుండటం అప్పుడు చూశాను.

“సార్.”

“ఏంటి శాంతిరాజూ?”

ఆయన రాక్‌లోంచి ఒక చీర తీసి స్టిక్కర్ కనబడేలా పట్టుకున్నాడు. “గిది రెండు వేల నాలుగు వందలది, సార్. నలభై పోయినా పాత రేటే రావాలని మీరే నాలుగు వేలు ఏపిచ్చిండ్రు. మాకు సుత గదే లెక్క చెయ్యిండ్రి. నా దాంట్ల మీరు తీసింది పది వేల నాలుగు వందలు. ఇప్పుడు నలభై ఇస్తున్నది పదిహేను వేల ఆరు వందల మీద. ఆరు వేల రెండు వందల నలభై. నాలుగు వేల నూట అరవై తక్కువ వస్తది, సార్. నాకొక్కనికే కాదు, అందరికీ తక్కువే.”

తెలియనట్టు మొహం పెట్టడానికి వీర్రాజు గారికి వీలు లేకపోయింది. భుజం తట్టి వారమే అయింది. ఆయన చీర వైపు చూసి, అన్న వైపు చూశారు.

“నువ్వు చీరవా ఏంటయ్యా?”

ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత చాలామంది నవ్వారు.

“చీర రేటు పెంచితే కొనేవాళ్లిస్తారు. నీ రేటు పెంచితే ఎవరిస్తారు? సరే, నీ లెక్క ప్రకారమే ఇస్తాను. దానికి ముగ్గుర్ని తీసెయ్యాలి. మిగతావాళ్లకి పాత జీతం పైసా తగ్గకుండా వస్తుంది. ఆ ముగ్గురూ ఎవరో మీలో మీరే తేల్చుకుని సాయంత్రానికి చెప్పండి.”

నవ్వులు ఆగిపోయాయి. అందరూ పక్కవాళ్ల వైపు చూడటం మొదలుపెట్టారు. రవళికి ఇద్దరు పిల్లలు, భర్త పత్తా లేడు. గొంతు ముందు ఆమెదే లేచింది. “ఊకో అన్నా! వస్తున్నదాన్ని సుత పోగొడుతవా? నీకు లెక్కలొస్తే ఇంట్ల చేస్కో!”

వీర్రాజు గారు నా వైపు తిరిగారు.

“ఏంటబ్బాయ్, నువ్వు బీకాం కదా. కంప్యూటర్ ముందు కూర్చునేది నువ్వే. చెప్పు. నలభై తీసి నలభై ఇస్తే సరిపోయినట్టా, కాదా?”

కోఠి ఫుట్‌పాత్ మీద కొన్న పాత పుస్తకాలు నా గదిలో ఒక గోడంత ఉన్నాయి. వాటిలో మనుషులు ఇలాంటి చోట లేచి నిలబడతారు. నేను లేచి నిలబడేందుకు కూడా ఏం లేదు, అప్పటికే నిలబడి ఉన్నాను. షాపులో అందరికంటే ఆఖరున చేరింది నేను. ముగ్గురిలో మొదటి పేరు నాదేనని లెక్క వేసుకున్నాను. ఆ లెక్క చాలా వేగంగా వచ్చింది.

“సరిపోతుంది సార్,” అన్నాను.

శాంతిరాజు అన్న నా వైపు చూడలేదు. చేతిలో చీరను పాత మడతల మీదే మడిచి, అంచు సర్ది, రాక్‌లో పెట్టాడు. షట్టర్ లేచింది. బయట అప్పటికే ఆడవాళ్లు వరుస కట్టి ఉన్నారు.

మధ్యాహ్నం మెట్ల కింద అన్నం డబ్బాలు విప్పినప్పుడు ఆయనే నా పక్కకు వచ్చి కూర్చున్నాడు.

“తమ్ముడూ, నీకు పదహారు వందలు తక్కువ వస్తది. పది వేలది ఎనిమిది వేల నాలుగు వందలే అయితది. ఎరికేనా?”

“ఎరికే అన్నా.”

“ఎరికుండే చెప్పినవా?”

“అవునన్నా.”

“తెల్వక చెప్పినవనుకున్న,” అన్నాడు. డబ్బా మూత పెట్టేశాడు. అందులో అన్నం సగం అలాగే ఉంది.

అక్కడే కూర్చుని రత్నమాల గారికి ఫోన్ చేశాడు. చెవి కాస్త మందం కావడంతో ఆయన ఫోన్ ఎప్పుడూ స్పీకర్ మీదే ఉంటుంది.

“ఇల్లు వేరేటోళ్లకు ఇచ్చెయ్యిండ్రి, అమ్మా.”

“అదేంటండీ! మీ షాపులో అందరికీ నలభై శాతం పెంచారటగా? ఇందాకే చీరకొచ్చిన మా పక్కింటావిడ చెప్పింది. నలభై పెరిగినవాళ్లకి నా ఐదు శాతం బరువైపోయిందా?”

వంద, అరవై, మూడింట రెండు వంతులు. అది కొనేవాళ్లకు అర నిమిషంలో చెప్పే మనిషి. “బరువేనమ్మా,” అని ఫోన్ పెట్టేశాడు.

రెండు వారాలు ఆగి, ఒక ఆదివారం మధ్యాహ్నం బోరబండ వెళ్లాను. క్షమించమని అడుగుదామని వెళ్లాను. చేతిలో మా అక్క చీర ఒకటి పట్టుకుపోయాను, ఫాల్ వేయించే నెపంతో. అన్న ఇంట్లో లేడు. మగ్దలీనమ్మ నేల మీద కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. మిషన్ మీద దుప్పటి కప్పి, దాని మీద బియ్యం డబ్బా పెట్టారు.

“మిషన్ నడుస్తలేదు బిడ్డా. నూనె లేక పట్టేసింది,” అంది. చీర అంచు మాత్రం వేళ్లతో తడిమి చూసింది. “చర్చిల అందరూ నన్నే అడుగుతున్నరు. నలభై శాతం పెరిగిందంట గదా, బిర్యానీ ఎప్పుడు పెడుతవని. గీయనేమో ఇల్లు వద్దన్నడు. అడిగితే మాట్లాడడు. గింత వయసొచ్చినంక లెక్క తప్పిండా ఏంది? నువ్వు కంప్యూటర్ కాడ ఉంటవ్ గదా, నీకు ఎరికుంటది. చెప్పు. గాయన లెక్క తప్పిండా?”

“లేదమ్మా. ఆయన లెక్క సరిగ్గానే ఉంది.”

“మరి తప్పు ఏడున్నది?”

నేను చీర అక్కడే వదిలి మెట్లు దిగి వచ్చేశాను.

సేల్ నెలంతా సాగింది. నలభై శాతం తగ్గింపని జనం విరగబడి కొన్నారు. ఎవరైనా వచ్చి ‘అన్నా, గిది ఎంత పడుతది’ అని అడిగితే శాంతిరాజు అన్న నా వైపు చెయ్యి చూపించేవాడు. “మిషన్ చెప్తదమ్మా.” ఒకరోజు ప్లాస్టిక్ కవరు చించి క్యాలిక్యులేటర్ బయటికి తీశాడు. అది ఎలా ఆన్ చెయ్యాలో రవళి చూపించింది. తప్పుచేసిన పిల్లలా తల వంచుకునే చూపించింది.

ఆగస్టు ఒకటిన జీతాలు ఇచ్చారు. ఆయన కవర్లో ఇరవై ఒక వెయ్యి ఎనిమిది వందల నలభై. నేను సొరుగు తెరిచి, అలవాటు కొద్దీ మడత లేని ఐదు వందల నోట్లు ఏరడం మొదలుపెట్టాను.

“ఎతకకు, తమ్ముడూ. ఏవున్నా సరే,” అన్నాడు. “నాలుగు ఐదు వందలు. ఒక వంద, ఒక యాభై, ఒక ఇరవై, ఒక పది. నాలుగు రూపాయల చిల్లర.”

నాలుగు రూపాయి బిళ్లలు లెక్కపెట్టి ఇచ్చాను. ఆయన చర్చి కవరు కౌంటర్ మీద పెట్టి పేరు రాశాడు. దాని కింద 2,600 అని రాశాడు. పెన్ను ఎత్తి చూసుకున్నాడు. దాని మీద అడ్డంగా ఒక గీత గీసి, పక్కన 2,184 అని రాశాడు.